విచ్ఛిత్తి శక్తిని లెక్కగట్టడం నేర్పే హనుమకొండ ఆదివారపు తరగతి: ఒక సమీక్ష

హనుమకొండలో నక్కలగుట్ట వైపు ఒక ఇంటి పై అంతస్తులో, ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థుల కోసం ఆదివారాల్లో భౌతికశాస్త్ర తరగతులు జరుగుతాయి. అందులో కేంద్రక భౌతికశాస్త్రానికి, ముఖ్యంగా విచ్ఛిత్తిలో, అంటే బరువైన కేంద్రకం రెండుగా చీలినప్పుడు, విడుదలయ్యే శక్తిని లెక్కగట్టడానికి, విడిగా కేటాయించిన భాగాన్ని గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. ఈ ఊళ్లో ఫిజిక్స్ ట్యూషన్లకు కొదవ లేదు. యురేనియం-235 కేంద్రకం ఒకటి విచ్ఛిన్నమైతే సుమారు 200 ఎంఈవీ (మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, కేంద్రక శక్తిని కొలిచే ప్రమాణం) శక్తి విడుదలవుతుందన్న వాక్యాన్ని పిల్లల చేత వల్లె వేయించే చోట్లూ చాలానే ఉన్నాయి. ఆ 200 ఎక్కడి నుంచి పుడుతుందో, ఏయే రూపాల్లో పంచుకుపోతుందో చివరి దశాంశం దాకా లెక్క అప్పజెప్పే చోటు మాత్రం నాకు తెలిసినంతలో ఇదొక్కటే. అందుకే లోపాలున్నా ఈ తరగతిని నేను గట్టిగా సిఫారసు చేస్తున్నాను; ఆ లోపాలను కూడా దాచకుండా చెబుతాను.

మా మేనకోడలు ఇక్కడ చదువుతోంది. తల్లిదండ్రులు, బంధువులు వెనుక బెంచీల్లో కూర్చుని వినడానికి ఇక్కడ అభ్యంతరం చెప్పరు. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించిన వాడిని కనుక నేను ఆ అవకాశాన్ని వదులుకోలేదు. బోధించే మేడం ముందుగా సూత్రం రాయరు. బోర్డు మీద చర్యను రాస్తారు: యురేనియం-235 కేంద్రకం ఒక న్యూట్రాన్‌ను గ్రహించి బేరియం-141, క్రిప్టాన్-92 కేంద్రకాలుగా చీలి, మూడు న్యూట్రాన్లను వెలువరిస్తుంది. ఆ తర్వాత పిల్లల చేత రెండు లెక్కలు వేయిస్తారు. న్యూక్లియాన్లు (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి) ఎడమవైపు 236, కుడివైపు 141, 92, 3 కలిపి మళ్లీ 236. ఆవేశం ఎడమవైపు 92, కుడివైపు 56, 36 కలిపి 92. ఒక్క కణం కూడా తగ్గలేదని పిల్లలు తమ చేతులతో తేల్చుకున్న తర్వాతే, కణాలేవీ తగ్గనప్పుడు ద్రవ్యరాశి ఎలా తగ్గిందన్న ప్రశ్న వస్తుంది. ఈ క్రమం చాలా ముఖ్యమైనది. ద్రవ్యరాశి లోపం అనగానే ఏదో ఒక ప్రోటానో న్యూట్రానో మాయమై శక్తిగా మారిందని అనుకునే విద్యార్థులు డిగ్రీలో కూడా కనిపిస్తారు. నిజానికి కణాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి మునుపటికన్నా గట్టిగా బంధించుకున్నాయి, అలా బంధించుకునే క్రమంలో వదిలిన శక్తి ఎంతో ద్రవ్యరాశి అంత తగ్గింది.

చాలా పుస్తకాలు పట్టించుకోని మరో విషయాన్ని కూడా మేడం ఇక్కడే తేల్చేస్తారు. పట్టికల్లో ఇచ్చేది కేంద్రకాల ద్రవ్యరాశి కాదు, ఎలక్ట్రాన్లతో సహా మొత్తం పరమాణువు ద్రవ్యరాశి. మరి కేంద్రక చర్యకు వాటిని నేరుగా వాడవచ్చా? వాడవచ్చు, ఎందుకంటే యురేనియం పరమాణువులోని 92 ఎలక్ట్రాన్లు, బేరియం, క్రిప్టాన్ పరమాణువుల్లోని 56, 36 ఎలక్ట్రాన్లు రెండు వైపులా సరిగ్గా రద్దయిపోతాయి. దీన్ని చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. చెప్పకపోతే మాత్రం బీటా క్షయం (కేంద్రకంలోని న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్‌ను వదలడం) లెక్కల దగ్గర పిల్లవాడు కచ్చితంగా తడబడతాడు.

ఈ తరగతిలో నాకు అన్నింటికన్నా నచ్చింది చేతి లెక్క వేయించే పద్ధతి. పోటీ పరీక్షల్లో కాల్‌క్యులేటర్ ఉండదు. యురేనియం 235.043930, న్యూట్రాన్ 1.008665, బేరియం 140.914411, క్రిప్టాన్ 91.926156 అని ఆరు దశాంశ స్థానాలతో ఇస్తే పెద్ద సంఖ్యలను కూడుతూ తీసేస్తూ పిల్లలు మధ్యలోనే అలసిపోతారు. న్యూక్లియాన్ల సంఖ్య రెండు వైపులా సమానం కనుక పూర్ణాంకాలు ఎలాగూ రద్దవుతాయి, వాటిని మోయనక్కర లేదని మేడం చూపిస్తారు. ప్రతి ద్రవ్యరాశి తన పూర్ణాంకం కన్నా ఎంత ఎక్కువో, ఎంత తక్కువో రాసుకుంటే చాలు. యురేనియానికి 0.043930 ఎక్కువ, న్యూట్రాన్‌కు 0.008665 ఎక్కువ, కలిపితే ఎడమవైపు 0.052595 ఎక్కువ. కుడివైపు బేరియానికి 0.085589 తక్కువ, క్రిప్టాన్‌కు 0.073844 తక్కువ, మూడు న్యూట్రాన్లకు 0.025995 ఎక్కువ, అన్నీ కలిపితే 0.133438 తక్కువ. రెండింటి మధ్య తేడా 0.186033 పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాలు. ఒక్కో ప్రమాణం 931.5 ఎంఈవీకి సమానం కనుక దాన్ని 931.5తో హెచ్చిస్తే 173.3 ఎంఈవీ వస్తుంది. లెక్క చిన్నదవడం ఒక లాభమైతే, యురేనియం ఎక్కువ వైపున, బేరియం, క్రిప్టాన్ తక్కువ వైపున ఉన్నాయన్న భౌతిక సత్యం ఆ గుర్తుల్లోనే కంటికి కనిపించడం అంతకన్నా పెద్ద లాభం.

అన్ని దశాంశాలు ఎందుకని విసుక్కునే పిల్లలకు ఆవిడ ఇచ్చే అభ్యాసం కూడా బాగుంది. అవే ద్రవ్యరాశులను ముందే రెండు దశాంశాలకు కుదించి మళ్లీ లెక్క వేయమంటారు. అప్పుడు తేడా 0.18 మాత్రమే వస్తుంది, శక్తి 168 ఎంఈవీ దగ్గర ఆగుతుంది. మొత్తం ద్రవ్యరాశిలో శక్తిగా మారేది వెయ్యింట ఒక వంతు కూడా కాదు కనుక, 236 పక్కన కంటికి ఆనని ఆ చిన్న తేడాలోనే విషయమంతా ఉందని, కుదించడం ఏదైనా ఉంటే చివర చేయాలే తప్ప మొదట చేయరాదని పిల్లలకు ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

సరిగ్గా ఈ కారణం చేతనే ఇక్కడ ఇచ్చే ముద్రిత కాగితాల మీద నా మొదటి ఫిర్యాదు. ద్రవ్యరాశుల పట్టిక జిరాక్సుకు జిరాక్సు తీసినదిలా ఉంది. 3కు, 8కి తేడా తెలియడం లేదు. యురేనియం విలువలో 235.043 అని ఉన్నదాన్ని 235.048 అని చదివితే 0.005 ప్రమాణాలు, అంటే 4.66 ఎంఈవీ తప్పు వస్తుంది. మిగతా పాఠాల్లో మసక అక్షరాలను ఊహించుకుని చదువుకోవచ్చు, ఈ పాఠంలో కుదరదు. ఆరో దశాంశం దాకా జాగ్రత్త నేర్పే చోట ఆ ఆరో దశాంశం కనబడే కాగితం ఇవ్వడం కనీస బాధ్యత అని నేను భావిస్తున్నాను.

ఇక 173 దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ తరగతి విలువంతా అక్కడే తెలుస్తుంది. లెక్క పూర్తికాగానే, పరకాల నుంచి బస్సులో వచ్చే ఒక అబ్బాయి లేచి, "మేడం, బుక్కుల 200 అని ఉన్నది గదా, మనకు 173ఏ వచ్చింది. మిగిలింది ఎటు పోయింది?" అని అడిగాడు. చాలా చోట్ల ఈ ప్రశ్నకు "సుమారుగా అన్నమాట, పరీక్షలో 200 అనే రాయండి" అన్న జవాబు వస్తుంది. ఈ మేడం, "ఎటూ పోలేదు బేటా, అది ఇంకా రాలేదు" అని చెప్పి, ఆ మిగిలిన శక్తి కోసం మిగతా తరగతి మొత్తాన్ని వెచ్చించారు.

విచ్ఛిత్తి అన్ని సార్లూ బేరియం, క్రిప్టాన్ జంటగానే జరగదని మొదట చూపించారు. అదే యురేనియం కేంద్రకం జినాన్-140, స్ట్రాన్షియం-94గా చీలి రెండు న్యూట్రాన్లను వదిలితే తేడా 0.198263 ప్రమాణాలు, శక్తి 184.7 ఎంఈవీ. శకలాలు ఎన్నో జంటలుగా పుడతాయి, ఒక్కో జంటకు ఒక్కో విలువ వస్తుంది, పుస్తకంలోని సంఖ్య వాటన్నింటి సగటు. అయినా ఈ రెండు జవాబులూ 200 కన్నా తక్కువే ఎందుకున్నాయన్న ప్రశ్న అలాగే మిగిలి ఉంటుంది. చీలిన శకలాల్లో న్యూట్రాన్లు అవసరానికి మించి ఉంటాయి కనుక అవి స్థిరంగా ఉండలేవు. బేరియం-141 వరుసగా మూడు బీటా క్షయాలతో లాంథనం, సీరియం మీదుగా ప్రసియోడిమియం-141 అవుతుంది. క్రిప్టాన్-92 నాలుగు బీటా క్షయాలతో రుబీడియం, స్ట్రాన్షియం, ఇట్రియం మీదుగా జిర్కోనియం-92 అవుతుంది. ఈ చివరి రెండూ స్థిరమైనవి. ఇప్పుడు బేరియం, క్రిప్టాన్ స్థానాల్లో ప్రసియోడిమియం 140.907653, జిర్కోనియం 91.905040 పెట్టి అదే లెక్కను మళ్లీ వేస్తే తేడా 0.213907 ప్రమాణాలకు పెరుగుతుంది, శక్తి 199.3 ఎంఈవీ అవుతుంది. బీటా క్షయంలో పుట్టిన ఏడు ఎలక్ట్రాన్లను విడిగా కలపాలా అని పిల్లలు అడిగారు. కొత్త పరమాణువుల ద్రవ్యరాశుల్లో ఆ ఏడూ ముందే చేరి ఉన్నాయి కనుక అవసరం లేదన్న జవాబు అందరికీ వెంటనే అందింది. మొదట్లో ఎలక్ట్రాన్ల విషయం తేల్చి పెట్టుకోవడం ఇక్కడ అక్కరకొచ్చింది.

ఆ 26 ఎంఈవీ ఎప్పుడు వస్తుందన్నది కూడా ఆవిడ వదిలిపెట్టలేదు. క్రిప్టాన్-92 అర్ధ జీవితకాలం (సగం పరమాణువులు క్షయం కావడానికి పట్టే సమయం) రెండు సెకన్ల లోపు, బేరియం-141ది 18 నిమిషాలు, ఆ వరుసలో తర్వాత వచ్చే సీరియం-141ది 32 రోజులకు పైగా. అంటే విచ్ఛిత్తి జరిగిన క్షణంలో వచ్చే శక్తి ఒకటి, ఆ తర్వాత సెకన్ల నుంచి నెలల దాకా నెమ్మదిగా వచ్చే శక్తి మరొకటి. రియాక్టరులో విచ్ఛిత్తిని పూర్తిగా ఆపేసిన క్షణంలో కూడా అది పనిచేస్తున్నప్పటి వేడిలో ఆరేడు శాతం వస్తూనే ఉంటుంది. దాన్ని చల్లబరుస్తూనే ఉండాలి. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు ఆగిపోయాయి. తర్వాత వచ్చిన సునామీతో చల్లబరిచే ఏర్పాట్లు దెబ్బతినడం వల్ల, మిగిలి ఉన్న ఈ వేడే ఇంధనాన్ని కరిగించింది. ద్రవ్యరాశి పట్టికలో రెండు పేర్లు మార్చి వేసిన లెక్క ఇంత పెద్ద వాస్తవం దాకా తీసుకెళ్లడం చూసి నాకు నిజంగా సంతోషం కలిగింది. ఒక పాఠాన్ని ఇలా చెప్పాలి.

శక్తి పంపకాన్ని గురించి చెప్పిన భాగం చిన్నదే కానీ కచ్చితంగా ఉంది. సగటున శకలాల గతిజ శక్తి 169 ఎంఈవీ, వెంటనే వెలువడే న్యూట్రాన్లది 5, వెంటనే వెలువడే గామా కిరణాలది 7, తర్వాత వచ్చే బీటా కణాలది, గామా కిరణాలది చెరో ఆరు చిల్లర, బీటా క్షయంలోనే పుట్టే, దేనికీ అంతగా తగలని యాంటీ న్యూట్రినో కణాలది తొమ్మిదికి కాస్త తక్కువ. ఈ చివరిది రియాక్టరును, దాని గోడలను, భూమిని కూడా దాటుకుని పోతుంది, మనకు చిక్కదు. అయితే గొలుసు చర్యలో పాల్గొనని న్యూట్రాన్లను రియాక్టరులోని ఇతర కేంద్రకాలు గ్రహించినప్పుడు గామా కిరణాల రూపంలో మరికొంత శక్తి చేరి ఆ నష్టాన్ని ఇంచుమించు పూడుస్తుంది కనుక ఇంజనీర్లు వేడి లెక్కకు కూడా 200నే తీసుకుంటారు. ఈ చివరి మాట మేడం చెప్పలేదు. చెప్పి ఉంటే న్యూట్రినోలు పోయినా 200 ఎలా మిగిలిందన్న సందేహం పిల్లలకు ఉండేది కాదు. ద్రవ్యవేగ నిత్యత్వాన్ని బట్టి రెండు శకలాల్లో తేలికైనదే ఎక్కువ శక్తిని తీసుకుంటుందని, క్రిప్టాన్ వాటా 233లో 141 వంతులని, అంటే దాదాపు 60 శాతమని చూపిన ఉదాహరణ మాత్రం చక్కగా ఉంది. మొదటి సంవత్సరం పాఠం ఇక్కడ పనికొచ్చినందుకు పిల్లలు ఆశ్చర్యపోయారు.

చరిత్ర భాగాన్ని కథలా కాక లెక్కగానే చెప్పడం మరో మంచి పని. 1938 డిసెంబరులో జర్మనీలో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియంపై న్యూట్రాన్లను ప్రయోగించినప్పుడు బేరియం కనిపించింది. నాజీల వల్ల దేశం విడిచి స్వీడన్‌లో తలదాచుకున్న లీసె మైట్నర్, ఆమె అక్క కొడుకు ఒట్టో ఫ్రిష్ ఆ క్రిస్మస్ సెలవుల్లో దానికి అర్థం చెప్పారు. చీలిన రెండు భాగాల ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడం వల్ల ఎంత శక్తి రావాలో లెక్కిస్తే 200 ఎంఈవీ వచ్చింది. ద్రవ్యరాశి ఎంత తగ్గుతుందో లెక్కిస్తే ప్రోటాన్ ద్రవ్యరాశిలో అయిదో వంతు అని తేలింది, అది కూడా 200 ఎంఈవీకే సరిపోయింది. మేడం ఆ మొదటి లెక్కను కూడా వేయించారు. బేరియం, క్రిప్టాన్ కేంద్రకాలు గుండ్రంగా, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయనుకుంటే కేంద్రాల మధ్య దూరం 11.7 ఫెర్మీలు (ఒక ఫెర్మీ 10⁻¹⁵ మీటరు), శక్తి సుమారు 249 ఎంఈవీ. విడిపోయే సమయంలో శకలాలు సాగి ఉంటాయి కనుక దూరం అంతకన్నా ఎక్కువ, శక్తి ఆ మేరకు తక్కువ. బంధన శక్తి వక్రం (కేంద్రకం ఒక్కో న్యూక్లియాన్‌ను ఎంత శక్తితో పట్టి ఉంచుతుందో చూపే గీత) నుంచి చూసినా, 240 న్యూక్లియాన్ల కేంద్రకంలో ఒక్కోదానికి 7.6 ఎంఈవీ, చీలాక 8.5 ఎంఈవీ అనుకుంటే 216 ఎంఈవీ వస్తుంది. మూడు దారుల్లో వెళ్లినా ఒకే ఊరికి చేరుకోవడం చూసిన విద్యార్థికి ఆ సంఖ్య మీద కలిగే నమ్మకం బట్టీతో రాదు.

నా రెండో ఫిర్యాదు ముద్రించిన అభ్యాస ప్రశ్నల్లోని చివరి దాని గురించి. ఆ ప్రశ్న ఎంపిక బాగుంది, ఎందుకంటే అది మన ప్రాంతం నుంచే తీసుకున్నది: రామగుండంలోని 2600 మెగావాట్ల ఎన్టీపీసీ కేంద్రం ఒక రోజంతా పూర్తి సామర్థ్యంతో ఇచ్చే విద్యుత్తుకు ఎంత యురేనియం-235 విచ్ఛిత్తి కావాలి? ఒక కిలో యురేనియం-235లో 2.56 × 10²⁴ పరమాణువులుంటాయి, ఒక్కో విచ్ఛిత్తికి 3.2 × 10⁻¹¹ జౌళ్లు, మొత్తం 8.2 × 10¹³ జౌళ్లు. యూనిట్లలో చెప్పాలంటే 2 కోట్ల 28 లక్షల యూనిట్ల వేడి. ఇంతవరకు సరే. కాగితంలో ఇచ్చిన జవాబు మాత్రం 2.7 కిలోలు. వేడి అంతా విద్యుత్తుగా మారుతుందనుకుంటేనే ఆ జవాబు వస్తుంది. అణు కేంద్రంలో వేడిలో సుమారు మూడో వంతు మాత్రమే విద్యుత్తు అవుతుంది కనుక సరైన జవాబు 8.2 కిలోలు. ప్రశ్నలో సామర్థ్యం ఇవ్వలేదు కాబట్టి అలా రాశామని అంటే నేను ఒప్పుకోలేను. నిజమైన కేంద్రం పేరు పెట్టి అడిగినప్పుడు నిజమైన జవాబు రావాలి.

ఆ ప్రశ్నను సరిచేస్తే ఎంత గొప్ప పాఠమవుతుందో చూడండి. కిలోకు 4000 కిలో కేలరీల వేడినిచ్చే బొగ్గు అనుకుని, మూడో వంతు సామర్థ్యంతోనే లెక్కిస్తే, అదే విద్యుత్తుకు రోజుకు సుమారు 40 వేల టన్నుల బొగ్గు కావాలి. సింగరేణి గనుల నుంచి బొగ్గు కదలడాన్ని రోజూ చూసే గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి పిల్లలకు ఆ పరిమాణం ఏమిటో ఒకరు చెప్పనక్కర లేదు. మరోవైపు 8.2 కిలోలన్నది విచ్ఛిన్నమయ్యే యురేనియం-235 మాత్రమే. సహజ యురేనియంలో అది 0.7 శాతమే ఉంటుంది. భారజలం (బరువైన హైడ్రోజన్ ఉన్న నీరు) వాడే మన రియాక్టర్లలో టన్ను సహజ యురేనియం నుంచి సుమారు 7000 మెగావాట్ రోజుల వేడిని రాబడతారు కనుక ఆ లెక్కన రోజుకు టన్నుకు పైగా ఇంధనం కావాలి. 8 కిలోలు, ఒక టన్ను, 40 వేల టన్నులు అన్న మూడు సంఖ్యలనూ పక్కపక్కన పెట్టకుండా, కిలో యురేనియం ఇన్ని వేల టన్నుల బొగ్గుకు సమానమని మాత్రమే చెబితే అది సగం నిజమే. భారజలం తయారుచేసే మణుగూరు కర్మాగారం మన రాష్ట్రంలోనే, ఇంధన కట్టలను తయారుచేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ హైదరాబాద్‌లోనే ఉన్నప్పుడు ఈ మాట చెప్పడానికి ఉదాహరణలకు వెతుక్కోవలసిన పని కూడా లేదు.

ఇతర విషయాలు క్లుప్తంగా చెబుతాను. గదిలో గాలి, వెలుతురు బాగానే ఉన్నాయి, బెంచీలు ఇరుకు. రుసుము కార్పొరేట్ కళాశాలల వారాంతపు తరగతులతో పోలిస్తే చాలా తక్కువ, రెండు విడతలుగా కట్టవచ్చు. సందేహాలకు తరగతి తర్వాత మేడం విసుగు లేకుండా సమయమిస్తారు. తరగతికి రాలేకపోయిన వారికి మళ్లీ చెప్పే ఏర్పాటు లేదు. ఈ భాగంలో ఒక మెట్టు తప్పితే తర్వాతి లెక్క అర్థం కాదు కాబట్టి దీన్ని నేను చిన్న లోపంగా అనుకోవడం లేదు.

ర్యాంకు కోసం రోజుకు వంద ప్రశ్నలు చేయించే చోటు కావాలనుకునే వారికి ఇది సరిపోదు. ఒక ఆదివారమంతా ఒకే చర్యను నాలుగు వైపుల నుంచి చూస్తూ గడిచిపోతుంది. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో తెలుగు మాధ్యమంలో చదువుతున్న వారికి మాత్రం ఇది నిజంగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే బోధన తెలుగులో సాగుతుంది, ఆంగ్ల పారిభాషిక పదాలను బోర్డు మీద పక్కనే రాస్తారు, ప్రశ్న అడగడానికి ఎవరూ జంకనక్కర లేదు. చేరేవారు పరమాణు ద్రవ్యరాశుల స్పష్టమైన పట్టికను తమ వెంట తెచ్చుకోవాలి, అభ్యాస ప్రశ్నల్లో చివరి దానికి ఇచ్చిన జవాబును మేడం దగ్గర సరిచూసుకోవాలి.